రెండు చుట్టల దూరం

విజయనగరం స్టేషన్లో రైలు దిగినప్పుడు నా భుజాన కుట్టుమిషను తల ఉంది. దాని కాళ్లు, బల్ల, తొక్కుడు చక్రం వెనక సామాను పెట్టెలో వస్తున్నాయి. తలను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వనని రాజమండ్రిలోనే ఒట్టు పెట్టుకున్నాను. ఆరేళ్లపాటు ఒక దర్జీ మేస్త్రీ దగ్గర కాజాలు కుట్టి, గుండీలు కుట్టి, పూటకో తిట్టు తిని సంపాదించుకున్న వస్తువు అది. గోనెసంచీలో చుట్టి, పైన నా ఉత్తరీయం కప్పి ఎత్తుకున్నాను. నా వెనకే ట్రంకుపెట్టెతో దిగిన నా భార్య, బిడ్డకి ఊపిరాడదేమో, మొహం మీద గుడ్డ కాస్త తియ్యమంది. పెళ్లయి అప్పటికి మూడు నెలలే. ఆమె ఎప్పుడు వేళాకోళమాడుతోందో, ఎప్పుడు నిజంగా చెబుతోందో నాకింకా పోల్చుకోవడం రాలేదు. గుడ్డ సగం తీసి, తర్వాత తెలివొచ్చి మళ్లీ కప్పాను.

ఇది పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మేము వెళ్తున్నది అరకు. చుట్టాలెవరూ లేరు, ఉద్యోగం లేదు, ఉండడానికి చోటు కూడా చూసి పెట్టుకోలేదు. నా దగ్గర ఉన్నదల్లా ఒక ఫారెస్టు గార్డు చెప్పిన మాట. మా పెళ్లికి వచ్చిన ఆ మనిషి చొక్కా మోచేతుల దగ్గర చిరిగి ఉంటే, దర్జీ వాణ్ణి గనక చూడలేక కుట్టి పెట్టాను. అప్పుడాయన, అరకులో చొక్కా చిరిగితే కుట్టేవాడు లేడనీ, కొండ దిగి రెండు మూడు రోజులు ప్రయాణం చేస్తే గానీ సూది కనబడదనీ వాపోయాడు. గార్డులు, జవాన్లు, వర్తకులు, కాఫీ తోటల గుమాస్తాలు, అందరివీ చిరుగు చొక్కాలే అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక లోయ నిండా చిరుగు చొక్కాలు నా కోసం ఎదురు చూస్తున్నాయన్నంత సంబరం.

నా భార్యది శృంగవరపుకోట దగ్గర పల్లె. నాది గోదావరి ఒడ్డు. ఆ తేడా పెళ్లి నాడే తెలిసింది. విడిదింటి అరుగు మీద ఆమె మేనత్తలు ముగ్గురు వరసగా కూర్చుని చుట్ట తాగుతున్నారు. ఆడవాళ్లు చుట్ట తాగడమే నాకు కొత్త, అందులోనూ వాళ్లు నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసుకున్నారు. నోట్లో నిప్పు పెట్టుకుని పెళ్లి సంగతులు మాట్లాడుకుంటున్నారు. దాన్ని అడ్డపొగ అంటారని తర్వాత తెలిసింది. నాకా, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. మూడు రాత్రులు గడవకముందే నా భార్యను కూర్చోబెట్టి, మన ఇంట్లో ఆడవాళ్లు పొగ తాగడమనేది జరగని పని అని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఇస్తున్నంతసేపూ నా చేతిలో చుట్ట కాలుతూనే ఉంది. ఆమె తల వంచుకుని వింది. ఒప్పుకుందనుకున్నాను.

విజయనగరం నుంచి శృంగవరపుకోటకు జట్కాలో వెళ్లి, ఒక రోజు అత్తవారింట ఆగాం. మా అత్తగారు మిషను చుట్టూ మూడుసార్లు తిరిగి, కొండ మీద వాళ్లు గుడ్డ చుట్టుకుంటారు గానీ కుట్టించుకోరు కదా, ఎవరికి కుడతావు నాయనా అని అడిగింది. చిరుగు చొక్కాల సంగతి చెప్పాను. ఆవిడకు నచ్చలేదు. చివరికి ఒక షరతు మీద కూతుర్ని పంపడానికి ఒప్పుకుంది. వాళ్ల ఊరి బండి ఒకటి ఉప్పు బస్తాలతో అరకు సంతకు వెళ్తోంది. శుక్రవారం సంత చూసుకుని సాయంత్రం కొండ దిగుతుంది. ఆ లోపు కుదురైన ఇల్లు దొరక్కపోతే పిల్ల అదే బండిలో తిరిగి రావాలి. నా సంగతి నా ఇష్టం.

మా మామగారు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు కారం రాసినట్టుంది. ఈ షరతు గురించి నువ్వేమంటావని నా భార్యను అడిగాను, వెనకేసుకొస్తుందన్న ఆశతో. ఆమె ట్రంకుపెట్టెలో తన పెళ్లి అద్దం పగలకుండా చీర మడతల మధ్య పెట్టుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"తలుపేసుకునే కొంపుంటే ఉంతాను మావా. నేదంటే బండెక్కి ఎల్లిపోతాను."

అనంతగిరి ఘాటీ ఎక్కడానికి మాకు రెండు పగళ్లు పట్టింది. ఎద్దులు అలిసిపోయిన చోటల్లా మేం దిగి నడిచాం. మలుపు మలుపుకీ చలి పెరిగింది. నేను మిషను తల మీద కప్పిన ఉత్తరీయం తీసి నాకు కప్పుకున్నాను. అది చూసి నా భార్య, బిడ్డకి జలుబు చేస్తుందని తన పాత చీర ఒకటి దానికి చుట్టింది. బండివాడు నిజంగానే చంటిబిడ్డ అనుకుని, ఇంతసేపూ ఏడవలేదేమని అడిగాడు. ఆ నవ్వులతో ఘాటీ ఎక్కేశాం. అరకు లోయలోకి దిగేసరికి వలిసె పూలు విరగబూసి ఉన్నాయి, ఎటు చూసినా పసుపు ఆరబోసినట్టుంది. బుధవారం మధ్యాహ్నం. శుక్రవారం సాయంత్రానికి రెండు రోజులు చాలా ఎక్కువ అనిపించింది.

ముందు సర్కారు బంగళాకు వెళ్లాం. ఊళ్లో అంతకంటే మంచి ఇల్లు లేదు గనక. అక్కడి కావలివాడు నన్ను, నా భార్యను, గోనెలో మిషనునూ కిందినుంచి పైకి చూసి, ఇది దొరల కోసం కట్టిందన్నాడు. దొరలు లేనప్పుడు ఖాళీగానే ఉంది కదా అన్నాను. ఖాళీగా ఉంచడానికే నాకు జీతం ఇస్తున్నారన్నాడు. ఆయన చొక్కా భుజం దగ్గర చిరిగి ఉండడం మాత్రం చూసి మనసులో పెట్టుకున్నాను.

తర్వాత పల్లపు దేశం నుంచి వచ్చి దుకాణం పెట్టుకున్న వర్తకుడి దగ్గరికి. దుకాణం వెనక ఉప్పు బస్తాలు వేసుకునే కొట్టులో ఒక మూల ఇస్తానన్నాడు. అద్దె నెలకు రెండు రూపాయలు, పైగా వాళ్లింటిల్లిపాదికీ ఊరికే కుట్టి పెట్టాలి. నా దగ్గరున్న డబ్బుకు అది రెండు నెలల ముచ్చట. అయినా బేరమాడి చూద్దామని లోపలికి వెళ్తే, తలుపు ఉండాల్సిన చోట గోనెపట్టా వేలాడుతోంది. నా భార్య పట్టా అంచు రెండు వేళ్లతో ఎత్తి చూసి, అంతే మెల్లగా వదిలేసింది. ఆ రాత్రికి మాత్రం ఆయన అరుగు మీద పడుకోనిచ్చాడు, ఆ మంచితనం కాదనను.

గురువారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తిరిగాను. ఎక్కడా అద్దె ఇల్లు లేదు. దొరకకపోవడం కాదు, అసలు ఆ మాటే లేదు అక్కడ. ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకుంటారు. పరాయివాడి ఇంట్లో పరాయివాడు డబ్బిచ్చి ఉండడమేమిటో వాళ్లకు బోధపడలేదు. ఒకాయన ఎంతో దయగా, మీ ఇల్లు కాలిపోయిందా అని అడిగాడు. నేను డీలా పడిపోయి వర్తకుడి దుకాణం ముందు ట్రంకుపెట్టె మీద కూలబడ్డాను. బండివాడు ఎదురుగా ఎద్దులకు గడ్డి వేస్తూ, రేపు పొద్దుగూకే లోపు బయల్దేరాలని గుర్తు చేశాడు. వాడి మీద కోపం వచ్చింది. వాడు చేసిన తప్పేమీ లేదు, కనబడడమే.

అప్పుడు వచ్చింది ఒక కొండ మనిషి. నా భార్య కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్ట తల మీద పెట్టుకుని వచ్చి వర్తకుడి ముందు దించింది. ఆయన ఆకులు చూసుకుంటున్నంతసేపూ ఆమె నా మిషను కేసి, నా భార్య కేసి చూస్తూ నిలబడింది. వాళ్లిద్దరూ ఎప్పుడు మాట కలుపుకున్నారో నాకు తెలియదు. నేను తల తిప్పేసరికి పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఆమెది ఒరియా కలిసిన తెలుగు, మా ఆవిడది శృంగవరపుకోట తెలుగు. నాకు సగం సగం అర్థమయ్యేవి వాళ్లకు పూర్తిగా అర్థమవుతున్నాయి. వాళ్ల ఇంటి పక్కన చోళ్లు, అంటే రాగులు, దాచుకోవడానికి కట్టిన ఇల్లొకటి ఉందట. ఈ ఏడు చోళ్లు తక్కువ పండడంతో ఖాళీగా ఉందట. తలుపు ఉందా అని అడిగింది నా భార్య. పనస చెక్క తలుపు, ఎలుగుబంటి వచ్చి తోసినా కదలదని చెప్పిందామె.

నేను చటుక్కున లేచాను. బేరం మగవాడు చెయ్యాలి కదా. గొంతు సవరించుకుని, ఆ ఇల్లు మాకు ఇస్తే నెలనెలా తప్పకుండా అద్దె ఇస్తానన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, నా మీద జాలిపడి చెప్పింది.

"నెలనెలా అద్దం ఏటికి బావూ? ఒకటిత్తే సాలు గదా."

నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. అద్దం కాదు, అద్దె అని వివరించబోయాను. ఇంట్లో ఉన్నందుకు ఇచ్చేది అన్నాను. ఇంట్లో ఉంటే ఇల్లు అరుగుతుందా అని ఆమె అడిగింది. ముందు ఇల్లు చూద్దాం, ఎంత దూరం అన్నాను మాట మారుస్తూ.

"దగ్గిరే. రెండు సుట్టలు. గెడ్డ కాడికి ఒకటి, గెడ్డ దాటినాక ఊరికి ఒకటి."

గెడ్డ అంటే ఏరు. చుట్టలతో దూరం కొలవడం నాకు మహా నచ్చింది. నేను రోజంతా టేపుతో కొలిచేవాణ్ణి. అంగుళానికి ఎనిమిదో వంతు తేడా వస్తే ఒప్పుకోనివాణ్ణి. నా చుట్ట ఒకటి కాలే లోపు ముప్పావు మైలు నడుస్తానని నాకు తెలుసు. రెండు చుట్టలంటే మైలున్నర. వెళ్లి ఇల్లు చూసి పొద్దుండగానే వచ్చి మిషను తీసుకెళ్లవచ్చు. ఆమెకు వర్తకుడి దగ్గర ఉప్పు తీసుకునే పని ఇంకా ఉంది. దారి ఒకటే, తప్పిపోవడానికి రెండోది లేదు, మీరు నడుస్తూ ఉండండి, నేను కలుస్తానంది. నేను లెక్క చెబుతుంటే నా భార్య నా మొహం చూసి ఏదో అనబోయి ఆగింది. ట్రంకుపెట్టె లోంచి తన మూట ఒకటి తీసి చంకన పెట్టుకుంది. ఇల్లు చూడ్డానికి మూటెందుకు అంటే, చలి కదా అంది.

కాసేపే కదా అని మిషనును బండివాడి కాపలాలో వదిలి, మొదటి చుట్ట వెలిగించి బయల్దేరాను. వలిసె చేల మధ్య నుంచి దారి. ఈలపాట కూడా పాడాను. చేలు దాటి, ఒక దిబ్బ ఎక్కి దిగేసరికి చుట్ట అయిపోయింది. ఏరు లేదు. చెవులు రిక్కించి విన్నాను, నీళ్ల చప్పుడు కూడా లేదు. గాలి ఎక్కువగా ఉంది, త్వరగా కాలిందేమో అనుకుని రెండోది వెలిగించాను. ఈసారి పొదుపుగా పీల్చాను. అడవి దగ్గరపడింది, దారి సన్నబడింది, రెండోది కూడా వేళ్ల దాకా వచ్చి చురుక్కుమంది. ఏరు లేదు.

దాంతో నాకు ఒళ్లు మండిపోయింది. దారి మధ్యలో నిలబడి, ఆ మనిషి మనల్ని ఆటపట్టించిందన్నాను. ఇక్కడ అద్దె అంటే అద్దం, చుట్ట అంటే ఏమిటో ఆ దేవుడికే తెలియాలన్నాను. పొద్దు వాలిపోతోందనీ, వెనక్కి వెళ్దామనీ, వర్తకుడి కాళ్లు పట్టుకుని గోనెపట్టా బదులు తలుపు పెట్టించుకుందామనీ అన్నాను. పెట్టించడానికి ఉన్నది ఒక్క రోజని నాకూ తెలుసు. కోపంలో లెక్క గుర్తుండదు కదా.

నా భార్య వెనక్కి తిరగలేదు. ఆ మనిషి అబద్ధమాడే మనిషి కాదంది. నీకెలా తెలుసన్నాను. మొహం చూస్తే తెలీదా అంది. ఆపైన, ఎటో చూస్తూ, ఒక మాట అంది.

"నీ సుట్ట బేగి అయిపోతంది మావా. ఇంకొంచెం నడుద్దాం."

త్వరగా అయిపోతోందంటే, నేను ఆబగా తాగుతానని దెప్పుతోందనుకుని మూతి ముడుచుకున్నాను. మూతి ముడుచుకునే నడిచాను. ఆమె ముందు, నేను వెనక.

అలా ఇంకో అరగంట నడిచి ఉంటాం, వెనకనుంచి అడుగుల చప్పుడు. ఆ కొండ మనిషి ఉప్పు మూట తల మీద పెట్టుకుని తాపీగా వచ్చి మమ్మల్ని అందుకుంది. ఆమె పెదాల మధ్య రెండంగుళాల చుట్ట తోక కనబడుతోంది. నిప్పు లోపల ఉంది. పెదాలు మూసి ఉన్నాయి. ముక్కులోంచి ఎప్పుడో ఒకసారి సన్నగా పొగ వస్తోంది, అంతే. గాలి తగలదు, కాలడానికి తొందర లేదు. దుకాణం దగ్గర వెలిగించిన చుట్టే అది. ఇంకాస్త నడవగానే నీళ్ల చప్పుడు వినబడింది. ఆమె సరిగ్గా ఏటి ఒడ్డున ఆగి, మూట దించి, చుట్ట పీక తీసి నాకు చూపించి నీళ్లలో పడేసింది.

"సూసినావా బావూ. గెడ్డ కాడికి ఒకటి."

అంగుళానికి ఎనిమిదో వంతు కూడా తేడా లేదు. తప్పంతా నా టేపుది. ఆమె నోరు పుక్కిలించి, రొంటిలోంచి రెండు చుట్టలు తీసి, ఒకటి నా భార్యకు ఇవ్వబోయింది. నా భార్య నా వైపు ఒక్క క్షణం చూసి, వద్దని తల ఊపింది. నా ఉపన్యాసం వంటబట్టిందని ఆ స్థితిలో కూడా నాకు కాస్త గర్వంగానే ఉంది.

రెండో చుట్ట అయ్యేసరికి పొద్దుగూకింది, ఊరు వచ్చింది. రెండు వరసల్లో ఇరవై ఇళ్లు ఉంటాయేమో, ఎర్రమట్టి అలికిన గోడలు. చోళ్ల ఇంటిని చూసీ చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. తలుపు నిజంగానే పనస చెక్కది. నా భార్య లోపలికి వెళ్లి తలుపు మూసి, తీసి, మళ్లీ మూసింది. లోపలి నుంచి నవ్వు వినబడింది. ఇక అయిపోయిందనుకున్నాను.

కానీ ఊరి పెద్ద వచ్చాడు. గొంగడి కప్పుకున్న పొడుగాటి ముసలాయన, కోపం తెలియని మొహం. మేం ఈ రాత్రికి పడుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదన్నాడు. దారిన పోయేవాళ్లు ఎవరైనా పడుకోవచ్చన్నాడు. కానీ కాపురం వేరు. నేను మళ్లీ అద్దె మాట ఎత్తబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇల్లు ఇచ్చీడానికేటి బావూ, ఖాళీగానే ఉంది. పొయ్యి ఎలిగించాలంటే మాత్రం మా మనిసై ఉండాల. ఈ గుంట ఎవుల మనిసి?"

గుంట అంటే పిల్ల, అడుగుతున్నది నా భార్య గురించి. ఆ ఊళ్లో పొయ్యి వెలిగించిన ప్రతి మనిషీ ఎవరికో కూతురు, ఎవరికో కోడలు, ఎవరికో అప్ప. మేం ఎవరికీ ఏమీ కాము. రూపాయలు తీస్తే ఆ లోటు తీరదు. మరుసటి సాయంత్రం బండి, మా అత్తగారి గుమ్మం, మా మామగారి నవ్వు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు కదిలాయి. నేను రాజమండ్రి మేస్త్రీ ఇంటి వెనక వసారాలో మళ్లీ ఒంటరిగా కాజాలు కుట్టుకుంటూ కనబడ్డాను. నిజం చెబుతున్నాను, భయం వేసింది.

అప్పుడా కొండ మనిషి ముందుకు వచ్చి, తన నోట్లో సగం కాలిన చుట్ట తీసి, నిప్పు తన వైపు ఉంచుకుని, నా భార్యకు అందించింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఒక అడుగు దగ్గరికి జరిగారు. పెద్దాయన కూడా ఊరుకుని చూస్తున్నాడు. అది మర్యాదకిచ్చే చుట్ట కాదని నాకు కూడా తెలిసింది.

ఈసారి నా భార్య నా వైపు చూడలేదు. అందుకుని, తడుముకోకుండా బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పి, నిప్పు వైపు లోపలికి పెట్టుకుని పెదాలు మూసింది. కన్ను చెమర్చలేదు, దగ్గు రాలేదు. రెండు క్షణాల తర్వాత ముక్కులోంచి సన్నగా పొగ వదిలింది. వాళ్ల మేనత్తల కంటే బాగా. ముప్పై ఏళ్లుగా తాగుతున్నదానిలా. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, ఆడవాళ్లంతా నా మొహం చూసి ఒకటే నవ్వు.

పెద్దాయన కూడా నవ్వి, వీళ్లిద్దరికీ నేస్తం కడితే నీకు సమ్మతమేనా అని నన్ను అడిగాడు. నేస్తం అంటే ఊరికే స్నేహం కాదట. పదిమంది ముందు కట్టుకునేది, తోడబుట్టినదానితో సమానం, చచ్చేదాకా ఉండేది. నేస్తం మనిషి అంటే ఊరి మనిషే. నా పావుగంట ఉపన్యాసం ఎక్కడికి పోయిందో గానీ, సమ్మతమేనని నేనే ముందు అరిచాను.

శుక్రవారం పొద్దున్నే, మంచు విడవకముందే కట్టారు. ఊరి దేవత రాయి ముందు ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరి నెత్తిన ఒకరిచేత పసుపు బియ్యం వేయించారు. ఇద్దరూ ఒకే అడ్డాకు విస్తరిలో తిన్నారు. ఒకరికొకరు ఏదో ఒకటి ఇచ్చుకోవాలట. ఆమె తన మెడలోని పూసల పేర్లలో ఒకటి తీసి వేసింది. నా భార్య తన మూట విప్పి, చీర మడతల్లోంచి పెళ్లి అద్దం తీసి ఇచ్చింది. ఆ మూట అద్దం కోసమే తెచ్చిందని అప్పటిదాకా నాకు తెలియదు. అంటే ఆ ఇంటికి నేను ఇచ్చిన అద్దె నిజంగానే ఒక్క అద్దం.

ఆ క్షణం నుంచి వాళ్లిద్దరూ ఒకరి పేరు ఒకరు పలకకూడదు. అది నేస్తం కట్టుబాటు. పేరు పలికితే నేస్తం తెగినట్టే. మేం అరకులో ఉన్న పదకొండేళ్లూ వాళ్లు ఒకర్నొకరు 'నేస్తమా' అనే పిలుచుకున్నారు. మొగుణ్ణి గనక ఆ కట్టుబాటు నాకూ వర్తిస్తుందట. ఇంత రాస్తూ కూడా ఆమెను కొండ మనిషి అంటున్నానంటే అందుకే.

ఊరి మగవాళ్లు ఇద్దరు నాతో వచ్చి మిషనును కావడిలో మోసుకొస్తామన్నారు. సంతకు అందరం కలిసి దిగాం. బండివాడు ఉప్పు అమ్ముకుని, పసుపు, చింతపండు ఎక్కించుకుని సిద్ధంగా ఉన్నాడు. నా భార్య కూర్చోవడానికి గడ్డి కూడా పరిచి ఉంచాడు. ఆమె బండి దగ్గరికి నడిచింది. ఇల్లు దొరికింది సరే, తలుపూ ఉంది సరే. కానీ అమ్మను తలచుకుని ఎక్కేస్తుందేమో. ఆమె ఎద్దు మెడ నిమిరి, మా అమ్మకు పనస చెక్క తలుపని చెప్పమంది. బండివాడు సరేనని ఎద్దుల్ని అదిలించాడు. బండి మలుపు తిరిగేదాకా చూసి, తను ఇటు తిరిగింది.

సాయంత్రం కొత్త ఇంటి అరుగు మీద కూర్చున్నాం. లోపల పొయ్యి మీద చోడి అంబలి ఉడుకుతోంది. అప్పుడడిగాను, రెండు చుట్టలంటే ఎంత దూరమో నీకు ముందే తెలుసు కదా అని. తెలుసంది. అడ్డపొగ చుట్ట ఎంతసేపు నిలుస్తుందో తన పదమూడో ఏటి నుంచీ తెలుసంది. మరి దుకాణం దగ్గరే నాకెందుకు చెప్పలేదు, నా ఉపన్యాసానికి భయపడ్డావా అన్నాను. దానికి కొంచెం భయపడ్డానని ఒప్పుకుంది. ఆ తర్వాత తన మెడలో కొత్త పూసలు సర్దుకుంటూ అంది.

"సెప్తే అంత దూరమా అని నువ్వు రానందువు మావా. నువ్వు రాకపోతే నాను బండెక్కాల. నాకు ఎక్కాలని నేదు."

షరతు నాడు ఆమె తల ఎత్తకుండా ఎందుకు మాట్లాడిందో అప్పుడు అర్థమైంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, పొయ్యి పొగ అని చెప్పాను. ఏదైనా మంచి మాట అందామంటే నాకు కోపం వచ్చినంత సులువుగా మంచి మాట రాదు. జేబు తడుముకుంటే గోదావరి చుట్టలు రెండే మిగిలాయి. ఒకటి ఆమెకిచ్చాను. ఆమె నా మొహం చూసి, నిజంగానే ఇచ్చానని నిశ్చయం చేసుకుని అందుకుంది.

ఒకే పుల్లతో రెండూ వెలిగించాం. ఆమె తనది తిప్పి లోపలికి పెట్టుకుంది. నాది బేగి అయిపోయింది. ఆమెది అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను.